బోటంతా తిట్టిన మృణాళిని

"అంత పాపిష్టి ఆడదాన్ని నేనెక్కడా చూళ్ళేదు అన్నయ్యగారూ. తనింట్లో అద్దెకున్న పిల్ల కనపడకుండా పోయింది. ఆ పిల్ల తల్లొచ్చి గుమ్మంలో ఏడుస్తుంటే కాఫీ ఇచ్చి ఓదార్చి, వెనక్కి తిరిగి గ్లాసు కడుక్కుంటా నవ్వుకుంటదండి! అట్లాంటిదానికి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నానంటే మీరు నమ్ముతారా?"

పేరంటాలు చెబుతున్నది ఇరుగుపొరుగు మనిషి గురించి కాదు, ఒక సస్పెన్స్ నవలలోని మృణాళిని గురించి. కథంతా ఆ మృణాళినిదే. చదివేవాళ్ళకు ఆమె మీద జాలి పుట్టే మాట ఒక్కటీ ఆమె నోట రాదు.

పేరంటాలు నిజాంపట్నం హార్బర్లో చేపలు కొని, బాపట్లలో ఇంటింటికీ తిరిగి అమ్ముతుంది. భర్త బ్రహ్మాజీ బోటు నడుపుతాడు. అదే బోటు మీద వల తాడు పని ఆమె తమ్ముడు యలమందది. తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, ఆటోలో నేను వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడల్లా ఆమె ఇంటి అరుగు మీద కాసేపు కూర్చోవడం అలవాటు. ఆమె మొదలుపెడితే అడ్డు తగలబుద్ధి కాదు.

నవల ఇచ్చింది బాపట్లలో ఆమె దగ్గర చేపలు కొనే కుమారి టీచరుగారు.

"'సగం కూడా చదవలేకపోయాను పేరంటాలూ, ఆ మనిషి నాకు నచ్చలేదు, నువ్వు తీసుకుపో' అన్నారండి. నచ్చకపోతే వదిలెయ్యడమేంటండీ? నా దగ్గర కొనేవాళ్ళలో సగం మంది నాకు నచ్చరు. వాళ్ళని వదిలేస్తే నా గంప ఎట్లా ఖాళీ అవుద్ది?"

ఆ రోజుల్లో ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది. వేసవి వేట నిషేధం అయ్యాక వెళ్ళిన మొదటి వేటలో, సముద్రం అడుగున రాళ్ళకు తగులుకుని వల చిరిగింది. ఒడ్డుకు రాగానే బ్రహ్మాజీ హార్బర్లో నలుగురి ముందూ, "కాపలా ఉండాల్సినోడు నిద్రపోతే వలేం మిగులుద్ది?" అన్నాడు. యలమంద ఏదో చెప్పబోతే వినలేదు. అప్పట్నించీ బావాబామ్మర్దులకు మాటల్లేవు. ఒకటే బోటు, ఒకటే అన్నం గిన్నె, మధ్యలో వంట చేసే మార్కు.

తరువాతి వేటలో బ్రహ్మాజీ, "మార్కూ, తాడొదలమని చెప్పు" అన్నాడు. మార్కు గరిటె కింద పెట్టి వెళ్ళి చెప్పేలోపు తాడు బిగిసి యలమంద మోచేతి మీద చర్మం లేచిపోయింది.

"కట్టు కట్టింది నేనేనండి. ఇంకాస్త ఉంటే చెయ్యే పోయేది. ఇటు మొగుడు, అటు తోడబుట్టినోడు, ఎవర్నని అంటాం? 'ఈ ఒక్క వేటకీ వెళ్ళొచ్చి వాడరేవులో వేరే బోటెక్కుతానక్కా' అన్నాడు వాడు. పోతే పోయాడు, ముందు ఈ వేటలో ఆ చెయ్యి మిగిలితే చాలని గంగమ్మకి మొక్కుకున్నా."

బ్రహ్మాజీకి చదవడం రాదు. బోటు నడిపేటప్పుడు కునుకు పట్టకుండా వింటాడని, పేరంటాలు ఆ నవలను పైకి చదివి తన ఫోనులో రికార్డు చేసింది. బయలుదేరే రోజు అతని ఫోనుకు పంపుతుంటే సగంలోనే జాగా లేదంది. నిండా పాటలూ సినిమా ముక్కలూ. తమ్ముడి ఫోను అక్కడే చార్జింగులో ఉంటే, మిగతా సగం దాన్లోకి ఎక్కించింది. ఆ మాట ఇద్దరికీ చెబుదామనుకునేలోపు ఐసు లోడు వచ్చింది. హడావుడిలో మర్చిపోయింది.

"నేనేదో ఉపాయం పన్నానని వీధంతా అనుకుంటున్నారండి. నాకంత తెలివుంటే ఇంకేం! ఫోను నిండింది, అంతే."

సముద్రంలో ఏం జరిగిందో మార్కు చెప్పాడు. మేం మాట్లాడుకుంటుంటే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఆ పిల్ల ఫోను ఆ మృణాళిని బీరువాలో మోగుద్దండి. బయట పోలీసులు తలుపు కొడతా ఉంటారు. అక్కడికి అయిపోయింది! మా అన్న ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని వింటన్నాడు. ఇంతలో బోటు అవతలి చివర్న యలమంద ఫోన్లోంచి మా వదిన గొంతు, 'మృణాళిని చిరునవ్వుతో తలుపు తీసింది' అని! అప్పుడు మా అన్న మొహం చూడాలండి."

బ్రహ్మాజీ ముందు మార్కునే పంపబోయాడట. మార్కు కదల్లేదు. "రొయ్యల ఇగురు మాడిపోద్దన్నా, నువ్వే అడుగు" అన్నాడట.

"ఒరేయ్ యలమందా, బీరువాలో మోగిన ఫోను ఎవరు తీశార్రా?"

యలమంద తన ఫోను ఆపాడట. తరువాత, "ఫోనేంటి బావా? నాకు మొదలే తెలీదు. అసలెవరీవిడ, ఇంత దుర్మార్గురాలు?" అన్నాడట.

ఇక బావ ఫోనులో మొదటి సగం, బామ్మర్ది ఫోనులో రెండో సగం, బోటు బోటంతా విన్నారు. అందరూ కలిసి మృణాళినిని తిట్టారు.

"అబద్ధమాడేటప్పుడు దాని గొంతు ఎంత తియ్యగా ఉందో చూడరా!"

"అది మా అక్క గొంతు బావా."

"నాకు తెలీదా? చీర అడిగేటప్పుడు ఇదే గొంతు."

"చూశారా అన్నయ్యగారూ, మధ్యలో నన్ను కూడా!" అని పేరంటాలు మురిసిపోతూ కసిరింది.

కథ చివరకొచ్చాక వాదన పెరిగింది. "చంపింది ఆవిడ కాదుగా బావా. ఆ పిల్ల అరుస్తుంటే వినీ విననట్టు ఊరుకుంది, అంతే" అన్నాడు యలమంద. "చెవులుండి వినకపోవడం చిన్న తప్పేంట్రా?" అని గట్టిగా అన్న బ్రహ్మాజీ ఉన్నట్టుండి ఆగిపోయాడట. యలమంద వైపు తిరిగాడట.

"ఆ రోజు నువ్వు మేలుకునే ఉన్నావా?"

"ఉన్నా బావా. అడుగునున్న రాళ్ళు నాకు మాత్రం కనపడతాయా?"

మర్నాడు వల లాగేటప్పుడు, "యలమందా, తాడొదులు!" అని బ్రహ్మాజీ నేరుగా కేకేశాడు. యలమంద వదిలేశాడు. మార్కు ఈ మాట మామూలుగానే చెప్పాడు. పేరంటాలు మాత్రం అక్కడ చెంగుతో కళ్ళొత్తుకుంది.

ఒడ్డుకు రాగానే బ్రహ్మాజీ టీకొట్టు దగ్గర అందరూ వినేట్టు, "మావాడు నిద్రపోలేదయ్యా, నేనే వినలేదు" అన్నాడట. యలమంద వాడరేవుకు ఫోను చేసి రావడం లేదని చెప్పేశాడు.

పేరంటాలు కుమారి టీచరుగారికి మంచి చందువ చేపలు పట్టుకెళ్ళి ఇచ్చి, డబ్బులు వద్దంది. ఎందుకని ఆవిడ అడిగితే, "మీరా పుస్తకం చదవకుండా వదిలేసినందుకండి" అందట.

ఆటోకు వేళైందని నేను లేచాను. పేరంటాలు గుమ్మం దాకా వచ్చింది.

"వచ్చే వారం మళ్ళీ బోటెళ్తది అన్నయ్యగారూ. తెనాలిలో చూసి ఇంకో పుస్తకం ఈలోపే పంపండి, చదివి ఎక్కించడానికి నాక్కూడా టైము కావాలిగా. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి. మనిషి మాత్రం మృణాళిని కన్నా ఒక పిసరు చెడ్డదే అయ్యుండాలండోయ్. మంచోళ్ళ కథ పంపారా, తిట్టడానికి ఎవరూ దొరక్క వీళ్ళిద్దరూ మళ్ళీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడతారు!"