ముల్లు గీత మీదికి వచ్చిన మధ్యాహ్నం

మా కొత్తింటి గోడను బంద్ కాపాడిందని మా చుట్టాలంతా చెప్పుకుంటారు. ఇన్నేళ్లుగా వింటున్నాను, విన్న ప్రతిసారీ కాదంటున్నాను. నేను కాదన్నకొద్దీ వాళ్లకు ఆ కథ మరింత ముద్దొస్తోంది. "దుకాండ్లు బంద్ ఉండె, గోడ కోసే మిషన్ దొరకలే, గట్ల బతికింది మా గోడ" అని మా అత్తమ్మ మొదలుపెడితే చాలు, వచ్చినవాళ్లు తలలూపుతారు. మిషన్ దొరకకపోతేనేం, సుత్తీ ఉలీ మెకానిక్ సంచిలోనే ఉన్నాయి. అసలు గోడ పగలగొట్టాలన్న మాట పుట్టిందే ఆ బంద్ వల్ల. అదెట్లాగో చెబుతాను, ఆ తర్వాత మీ ఇష్టం.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. ఎల్బీనగర్ చౌరస్తా దాటి లోపలి కాలనీలో ఇల్లు కట్టుకుంటున్నాం. అప్పటిదాకా మలక్‌పేటలో ఒక మేడ మీది రేకుల గదుల్లో కిరాయికి ఉన్నాం. అంతకుముందు ఎండాకాలం ఆ రేకుల కిందే అత్తమ్మకు వడదెబ్బ తగిలి మూడు రోజులు దవాఖానాలో పడుకుంది. ఇంకో ఎండాకాలం ఆమెను అక్కడ ఉంచితే తన పూచీ లేదని డాక్టర్ ముఖం మీదే చెప్పేశాడు. అందుకే కొత్తింట్లో మిగతా పనులు ఎట్లా ఉన్నా, అత్తమ్మ గదిలో ఏసీ ముందు నడవాలి.

బంద్ నాటికి గృహప్రవేశానికి రెండు రోజులే ఉంది. ఆ ముహూర్తం దాటితే మూఢం, రెండు నెలలకు పైగా మంచి రోజు లేదు. మంచి రోజు లేకుండా అత్తమ్మ కొత్త గడప తొక్కదు. పగిలిన గోడ ఉన్న ఇంట్లో పాలు పొంగించదు. గోడ పగిలిందంటే ఆమె ఆ ఎండలన్నీ మళ్లీ రేకుల కిందే.

ఏసీ రాగి పైపులు గోడ లోపలి నుంచే పోవాలన్నది నా పట్టుదల. గోడకు పైపులు వేలాడుతుంటే నాకు నచ్చదు. అత్తమ్మ గది గోడలోంచి అవి పైకి వెళ్లి, మేడ మీద కొంత దూరం ఎండలో పాకి, అక్కడున్న బయటి మిషన్‌కు చేరతాయి. గ్యాస్ వదిలే ముందు ఆ పైపుల్లో నైట్రోజన్ బిగించి నింపుతారు. ప్రెషర్ చూపే గేజ్‌లో ముల్లు ఎక్కడ నిలిచిందో అక్కడ అద్దం మీద గీత పెట్టి, ఒక రోజు అట్లాగే వదిలేస్తారు. మర్నాడు ముల్లు గీత మీదే ఉంటే లీకు లేనట్టు, దిగితే ఉన్నట్టు.

మెకానిక్ గుంటూరు వైపు మనిషి, చాలా ఏళ్లుగా తుర్కయంజాల్‌లో ఉంటున్నాడు. పని శుభ్రంగా చేస్తాడు, నోరు మాత్రం నా అంత ఉంది. మేడ మీద కాలు పెట్టలేని ఎండలో, మధ్యాహ్నం మూడింటికి నైట్రోజన్ నింపి నల్ల పెన్నుతో గీత పెట్టాడు. మామూలు రోజైతే మర్నాడు అదే వేళకు వచ్చి చూసుకునేవాడు. కానీ మర్నాడు బంద్. బంద్ అంటే మా వైపు అప్పట్లో అందరికీ ఒకటే అలవాటు, జనం రోడ్డెక్కక ముందే పనులన్నీ తెముల్చుకోవడం. పాలు, కూరగాయలు, పెట్రోలు, అన్నీ ఆరు లోపే. అతనూ పొద్దున ఐదున్నరకే వచ్చాడు. పొయ్యి ఏ మూల పెట్టాలో చూస్తానని అత్తమ్మ పట్టుబడితే, ఆమెను స్కూటీ మీద ఎక్కించుకుని నేనూ వచ్చాను.

ముల్లు గీత కంటే బాగా కిందికి దిగి ఉంది.

"లీకేనండీ," అన్నాడు అతను. మేడ మీదున్న ప్రతి అతుకుకూ సబ్బునీళ్లు పూశాడు. ఒక్క బుడగ లేవలేదు. "పైనేం లేదు మేడం. గోడలో మలుపు దగ్గర ఒక అతుకు పెట్టాను చూడండి, అదే అయ్యుంటది. గోడ తీయాల్సిందే." కిందికి దిగి, అప్పుడే రంగు ఆరిన గోడ మీద సుద్దముక్కతో నలుచదరంగా గీత గీశాడు.

నాకు ఒళ్లు మండింది. "నిన్న మూడింటికి పైపు మీద చెయ్యి పెట్టగలిగినవా?"

"అమ్మో, కాలిపోయేదండీ."

"ఇప్పుడు?"

"ఇప్పుడు చల్లగానే ఉంది. దానికేంటండీ?"

"లోపలి గ్యాస్ గూడ సల్లబడ్డది. సల్లబడితే ప్రెషర్ తగ్గుతది. బీఎస్సీ ఫస్టియర్ల చెప్తరు గీ ముచ్చట."

"పుస్తకంలో గ్యాస్ వేరండీ. ఇది నైట్రోజనండీ."

"నైట్రోజన్ గ్యాస్ గాకపోతే గోంగూర పచ్చడా?"

"పదిహేనేళ్ల నుంచి చేస్తున్నానండీ. ముల్లు దిగిందంటే లీకే."

"పదిహేనేండ్లు మూడింటికి నింపితే మూడింటికే చూసినవ్. మధ్యాహ్నం నింపి తెల్లారకముందే చూసుడు గిదే మొదలు. ఔనా, కాదా?"

అతను మా ఆయనకు ఫోన్ కలిపి, సంగతంతా చెప్పి నా చేతికిచ్చాడు. "పనోడు చెప్తున్నడు గద, జర వినరాదు? ఇయ్యాల పలగ్గొడితే రేపు ప్లాస్టరింగ్ అయితది," అన్నాడాయన మలక్‌పేట నుంచి. "పచ్చి గోడ ముంగట మీ అమ్మ పాలు పొంగిస్తదేమో మీరే అడుగున్రి," అని పెట్టేశాను.

అంతసేపూ మెట్ల మీద కూర్చుని వక్క నములుతున్న అత్తమ్మ అప్పుడు నోరు విప్పింది. ఆమెది పోచంపల్లి దగ్గరి మగ్గం ఇల్లు. "ఏమయ్యా, మగ్గం మీద పడుగు పొద్దుగాల ఒక తీరుంటది, ఎండెక్కినంక ఒక తీరుంటది. పొద్దుగాల్ల చూసి బాలేదని కోసి పారేస్తమా? ఎండ రానీ."

మెకానిక్ నా వైపు చూశాడు. పడుగంటే మగ్గం మీద నిలువునా బిగించే దారాలని నేను విడమర్చి చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "సరేనండీ, మూడింటిదాకా చూస్తాను. అప్పటికీ గీత మీదికి రాకపోతే మీరు అడ్డం రాకూడదు," అన్నాడు.

"రాకపోతే సుత్తి నేనే అందిస్త."

అన్నానే గానీ, నా గుండె నాకు తెలుసు. అప్పటికే ఆరు దాటింది. చౌరస్తా వైపు నుంచి నినాదాలు వినిపిస్తున్నాయి. ముగ్గురం ఖాళీ ఇంట్లో చిక్కుకున్నాం. ఎనిమిదికి మేడెక్కి చూస్తే ముల్లు కొంచెమే కదిలింది. పదకొండుకు సగం దూరంలో ఆగినట్టు కనిపించింది. ఒకవేళ అతనే నిజమైతే? చదువు చదువు అని ఎగిరి, ముసలామెను మళ్లీ రేకుల కింద పడుకోబెట్టిన కోడలినవుతాను. "లేచిందా?" అని అత్తమ్మ కింది నుంచి అరిచినప్పుడల్లా, "లేస్తున్నది!" అని గట్టిగా చెప్పాను. అంత గట్టిగా చెప్పాల్సిన అవసరం లేదు.

మధ్యాహ్నానికి ఆకలి. రోడ్డు మీద వంటావార్పు నడుస్తోంది, వచ్చినవాళ్లందరికీ అక్కడే వండి పెడుతున్నారు. మెకానిక్ గేటు దాటనంటాడు. "నేను నోరు తెరిస్తే ఎక్కడివాడినో తెలిసిపోద్దండీ."

"నోట్ల బువ్వ పెట్టుకోని ఉండు. ఎవ్వనికి ఎర్కయితది?" అంది అత్తమ్మ.

ఆమెను నీడలోనే కూర్చోబెట్టి మేమిద్దరం వెళ్లాం. రెండు ముద్దలు మింగేదాకా అతను మౌనవ్రతం. ఆ తర్వాత వడ్డించే మనిషి "అన్నా, ఇంకింత పెట్టనా?" అంటే "చాలండీ" అనేశాడు. నాలిక్కరుచుకున్నాడు కూడా. ఆ మనిషి నవ్వి ఇంకో గరిటె వేశాడు. నేను అత్తమ్మకు విస్తరిలో అన్నం కట్టించుకుని వచ్చేసరికి ఇద్దరూ తెగ మాట్లాడుకుంటున్నారు. "వాళ్లింట్లో ఏసీ చల్లబడట్లేదంటండీ. ఎల్లుండి రమ్మన్నాడు," అన్నాడు దారిలో.

మూడింటికి పది నిమిషాల ముందు మేడ భగ్గుమంటోంది. అతను గేజ్ ముందు వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. ముల్లు నల్ల గీత మీద కూర్చుని ఉంది, పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నట్టు.

"లేచిందా?" కింది నుంచి అత్తమ్మ.

నేనింకా వేలితో అద్దం మీది గీతను తడిమి చూస్తున్నాను. "లేచిందండీ, అమ్మగారూ!" అని అతనే అరిచాడు.

ఆ సాయంత్రమే నైట్రోజన్ వదిలేసి, పంపు పెట్టి పైపుల్లోని గాలి లాగి, గ్యాస్ తెరిచాడు. స్విచ్ వేసిన కాసేపటికి గదిలో చల్లగాలి. అత్తమ్మ వట్టి బండల మీద కొంగు పరుచుకుని పడుకుంది. ఐదు నిమిషాల్లో గురక. మలక్‌పేటలో ఆమె అట్లా నిద్రపోగా నేను చూడలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నదంతా వదిలేశాను. మెకానిక్ సుద్దగీత తుడవబోతే నేనే వద్దన్నాను, ఆమె లేస్తుందని.

గృహప్రవేశం నాడు చూస్తే ఆ సుద్దగీత నాలుగు మూలలా పసుపు, కుంకుమ బొట్లున్నాయి. అదేందని అడిగిన ప్రతి ఒక్కరికీ అత్తమ్మ కథ చెప్పింది. బంద్ ఉంది, దుకాణాలు ఉన్నాయి, దొరకని మిషన్ ఉంది. గ్యాస్ లేదు, ఎండ లేదు, కోడలు లేదు. తన పడుగు మాట కూడా లేదు!

ఇప్పటికీ ఆమె ఆ గదిలోనే, మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. నేను మాత్రం అడుగుతూనే ఉన్నాను: అత్తమ్మా, ఆ పొద్దు నా మాట నమ్మి పడుగు ముచ్చట తీసినవా, లేకపోతే పగిలిన గోడ ముంగట పాలు పొంగియ్యొద్దని నోటికొచ్చింది అన్నవా?