తాగుడు మానిపించే మాత్ర

ఎండాకాలం ఉదయాల్లో మణుగూరు నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో కూర్చుంటే, కిటికీలోంచి ఇప్పపూల వాసన వస్తుంది. తియ్యగా, కొంచెం పులిసినట్టుగా, ముక్కుకు బరువుగా ఉంటుంది. మొన్న ఆ వాసన తగలగానే నాలో నేను నవ్వుకున్నాను. పక్క సీట్లో ఉన్నామె అదోలా చూసింది. ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది సారా కాదు, సలోమి డాక్టరుగారు. భద్రాచలం ఊరి చివర ఆమె చిన్న దవాఖానా. వెనక ఖాళీ జాగాలో ఊరివాళ్లు సారా కాయడానికి ఇప్పపూలు ఆరబోసేవారు. ఆమె దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తాగుడు మానాలని వచ్చేవాళ్లే. "నా పేషెంట్లకు పరీక్ష గోడ అవతలనే పెట్టిన్రు," అనేవారు ఆమె నవ్వుతూ.

నా బాధ వేరు. మణుగూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఒక వానాకాలం జ్వరం వచ్చి తగ్గింది కానీ, ఒళ్లు మాత్రం తిరిగి లేవలేదు. స్నానం చేసి వస్తే మళ్లీ మంచం ఎక్కాల్సిందే. ఒకరోజు కాస్త తేలిగ్గా ఉందని ఇల్లు ఊడ్చాను. మర్నాడు తల దువ్వుకుందామంటే చెయ్యి లేవలేదు. ఖమ్మంలో చూపిస్తే పరీక్షలన్నీ బాగున్నాయన్నారు, బలానికి సూదులు వేశారు, మనసు దిట్టం చేసుకోమన్నారు. మా ఆయన అన్నం డబ్బా తానే కట్టుకుని గని డ్యూటీకి వెళ్లేవాడు. అత్తమ్మ మాత్రం మనసులో ఉంచుకునే మనిషి కాదు. "మాకు రాలేదా జరాలు? లేచి తిరిగితె అదే పోతది. గిట్ల పండుకుంటె ఇంకింత పట్టుకుంటది," అనేది. ఆమె మాటే నిజమేమోనని నాకే అనుమానం పట్టుకుంది. అదే అన్నిటికన్నా పెద్ద జబ్బు.

తోటి టీచరు చెప్పగా సలోమిగారి దగ్గరికి వెళ్లాను. ఆమె కాగితాలన్నీ చూసి, పక్కన పెట్టి, కళ్లద్దాలు తీశారు.

"రిపోర్టులు బాగున్నయ్. నువ్వు బాగ లేవు. రెండూ నిజమే," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఆమె ఊరుకోమనలేదు. టీ తెప్పించి, నేను ముక్కు తుడుచుకునేదాకా తన కప్పు తాను నింపాదిగా తాగారు. ఆ తర్వాత, ఈ అలసటకు ఒక పేరుందని, నయం చేసే మందు మాత్రం ఇంకా లేదని చెప్పారు. "అలిసినంక ఆగుడు కాదమ్మా. అలవకముందే ఆగాలె," అన్నారు. అది నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది.

ఆ తర్వాత ఒకసారి ఆమే మాట ఎత్తారు. "నాల్ట్రెక్సోన్ అని ఒక మాత్ర ఉన్నది. తాగుడు మానిపిస్తానికి ఇస్తం. బాగ చిన్న మోతాదుల ఇస్తె నీ అసుంటోళ్లల్ల కొందరికి నెమ్మదైందంటున్నరు. పక్కా అని ఎవ్వరూ తేల్చలే. నేను గూడ చెప్పలేను. చూద్దామా?"

"పనిచేయకపోతే?"

"ఆపేద్దం. అప్పుడు గూడ నువ్వు మంచిదానివే, నేను గూడ మంచిదాన్నే."

అంత చిన్న మాత్ర మా వైపు దొరకదు. పెద్దది కొని, నీళ్లలో కరిగించి కొలుచుకోవడం ఆమే దగ్గరుండి నేర్పించారు. చీటీ పట్టుకుని మా కాలనీ మందుల షాపుకు వెళ్తే, షాపాయన చదివి గొంతు తగ్గించాడు. "సారుకు ఎప్పటి సంది అలవాటమ్మా?"

"సారుకు కాదు, నాకే," అన్నాను, ఆలోచించకుండా.

సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోయింది. ఇన్ని నెలలు నీరసమంటే ఒక్కరూ నమ్మలేదు. తాగుడనగానే అందరూ నమ్మేశారు. పక్కింటి కరుణమ్మ చెంబుడు మజ్జిగ తెచ్చి, నా తల నిమిరి వెళ్లింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు మా ఇంటికే వచ్చారు. దురలవాటు నుంచి విడుదల కోసం ప్రార్థిద్దామన్నారు. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. అంతలో వంటింట్లోంచి అత్తమ్మ వచ్చి గడపలో నిలబడింది.

"అయ్యగారూ, ప్రార్థన జెయ్యున్రి, వద్దంటలేను. గానీ దేనికో తెల్సుకొని జెయ్యున్రి. మా రూతు తాగి పండుకుంటలేదు. ఆమెకు రోగం. జరం పోయిన కాన్నుంచి ఒంట్ల సత్తువ నిలుస్తలేదు. కంటికి కనబడకపోతె లేనట్టేనా?"

పాస్టరుగారు తల వంచి, ఆమె చెప్పినదాని కోసమే ప్రార్థన చేశారు. నేను కళ్లు మూసుకోలేదు. అత్తమ్మనే చూస్తూ ఉండిపోయాను.

ఈ సంగతి చెబితే సలోమిగారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "మందు నీ మీద పనిచేసిందో లేదో ఇంక తెల్వదు గని, మీ అత్త మీద మాత్రం పనిచేసింది," అన్నారు.

మొదటి వారాల్లో నాకు వింత వింత కలలొచ్చాయి. ఒకదాంట్లో పాస్టరుగారు బొగ్గు లారీ నడుపుతున్నారు. తర్వాత మెల్లగా, ఎప్పుడో తెలియకుండానే, పొద్దు కొంచెం పొడవైంది. వంట చేశాక కూడా మాట్లాడే ఓపిక మిగిలేది. మరుసటి ఏడాది బడికి మళ్లీ ఒంటిపూట లెక్కన వెళ్లడం మొదలుపెట్టాను. మందు వల్లేనా అని అడిగితే సలోమిగారు భుజాలెగరేశారు. "కావచ్చు. నువ్వు ఆగుడు నేర్చినందుకు గూడ కావచ్చు. తెల్వనిది తెల్సని చెప్తె నాకు అన్నం సయించదు."

నా సంబరంలో నేనే ఆ మందుకు ప్రచారకురాలినయ్యాను. ఇదే జబ్బుతో గని పని మానేసిన యాకోబన్నను ఆమె దగ్గరికి తీసుకెళ్లాను. ఆయనకు కడుపులో తిప్పడం తప్ప ఏమీ కాలేదు. నాకు ముఖం చెల్లలేదు. సలోమిగారు మాత్రం మందు ఆపించి, "ఇది నీకు కలిసి రాలే యాకోబూ. నువ్వు మాత్రం రా," అన్నారు. ఆయన వెళ్తూనే ఉన్నాడు. వాళ్లిద్దరూ మందుల మాట తక్కువ, చేపల పులుసు మాట ఎక్కువ మాట్లాడుకునేవారు. పోయిన ఏడాది ఆమె కన్నుమూసినప్పుడు శవపేటిక మోసే ఓపిక ఆయనకు లేదు. కుర్చీ వేసుకుని దాని పక్కనే కూర్చున్నాడు.

నేను ఇప్పటికీ ఎత్తు స్టూలు మీద కూర్చునే పాఠం చెబుతాను. ఓపికకు మించి తిరిగితే ఇప్పటికీ పడిపోతాను. ఈ మధ్య తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల రోజూ బెంచీ మీద తల పెట్టుకుని ఉంటోంది. బద్ధకమని, సెల్‌ఫోన్ పిచ్చి అని స్టాఫ్ రూములో తలా ఒక మాట అన్నారు. గంట కొట్టాక ఆ పిల్లను ఆగమని, పక్కన కూర్చున్నాను.

"ఎప్పటి సందిరా గిట్ల?" అని అడిగాను.

అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది, నేను తిట్టబోతున్నానో, వినబోతున్నానో తేల్చుకుంటున్నట్టు. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.