నెత్తళ్ల మీద కప్పిన పట్టా

మా చెల్లెలు గుంటూరులో ఉంటుంది. ఏటా మిరపకాయల పని ముగియగానే మా ఊరొచ్చి నన్ను సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తుంది. చీరాల దాటాక ఆటో దిగి, సరుగుడు తోటల్లోంచి నడిచి వెళ్లాల్సిన చిన్న పల్లె అది. జనం అట్టే రారు. ఒడ్డున కట్టిన కాటేజీలు అద్దెకిస్తారు. అందరూ అక్కడికి అలలు చూడ్డానికి వెళ్తారు. నేను నిద్రపోవడానికి వెళ్తాను.

నవ్వకండి. నాకు పడుకోవడం చేతకాదు. కోతలు మొదలైన దగ్గర్నుంచి కాయ ఎండి బస్తాల్లోకి ఎక్కేదాకా ఒళ్లు మంచం మీద ఉన్నా చెవులు కల్లం దగ్గరే ఉంటాయి. గాలి మారితే లేవాలి, మబ్బు పడితే లేవాలి. ఎండుతున్న కాయ తడిసిందంటే ఏడాది కష్టమంతా నల్లబడిపోతుంది. పోనీ కాయలు అమ్మేశాకైనా నిద్ర పడుతుందా అంటే, పట్టదు. కల్లం ఖాళీ అయిందంటే ఒళ్లు నమ్మదు. అలా ఉండీ ఉండీ ఓ రోజు వాకిట్లో కళ్లు తిరిగి పడిపోయాను. గుంటూరులో డాక్టరు చూసి, రోగమేం లేదు, ఈవిడ కంటినిండా నిద్రపోతే చాలన్నాడు. సంచీడు మందులు రాస్తాడనుకున్న మా ఆయన డీలా పడిపోయాడు.

చెల్లెలు ఆ మాట పట్టుకుంది. మొదటి ఏడాది ఏసీ వేసి, తలుపు మూసి "పడుకో" అంది. ఆ మోత వింటుంటే పొలంలో మోటారు ఆపలేదేమో అనిపించింది. లేచి వాకిలి ఊడవబోయాను. సముద్రం దాకా ఇసుకే, ఎక్కడ ఆపాలో తెలీలేదు. మరుసటి ఏడాది ఊరికే కూర్చోలేనని కాసిని మిరపకాయలు వెంట తీసుకెళ్లి, ఆ మూసిన గదిలోనే తొడిమలు తీశాను. చెల్లెలు తుమ్మి తుమ్మి వరండాలో పడుకుంది.

ఈ ఏడాది బస్సులోనే చెప్పింది. "అక్కా, ఇదే ఆఖరు. ఈసారి కూడా పనిలో చెయ్యి పెట్టావంటే నేనింక తీసుకురాను. మళ్లీ పడిపోతే లేవదీసే ఓపిక నాకు లేదు." అనేసి కిటికీ వైపు తిరిగింది. నేను చూడలేదనుకుంది గానీ, చున్నీతో కళ్లు తుడుచుకుంది.

అందుకే నోరుమూసుకుని ఆ రోజంతా మంచం దిగలేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక చెల్లెలు గుర్రు పెట్టి నిద్రపోయింది. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి. అంతలో కిటికీలో వెలుగు చప్పున తగ్గింది. మబ్బు.

ఆ తర్వాత చేసిందంతా నా కాళ్లూ చేతులూ చేశాయి. కాటేజీలు చూసుకునే బెస్తావిడ పక్కనే తాటాకు పందిరి వేసుకుని, దాని ముందు ఇసుకలో పాత వల పరిచి నెత్తళ్లు ఎండబెట్టుకుంది. నేను పరుగెత్తి, ఆ వేలెడేసి చేపలన్నీ కుప్ప పోసి, పందిట్లో ఉన్న ప్లాస్టిక్ పట్టా లాగి కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి, పైన రెండు చేతులతో తట్టాను. అప్పటికి గాని ఊపిరి తిరగలేదు.

ఒక్క చినుకు రాల్లేదు. మబ్బు సముద్రం మీదికి పోయింది. బెస్తావిడ నీళ్ల బిందెతో వచ్చి నిలబడిపోయింది.

"ఎవరమ్మా నా నెత్తళ్లని పాతిపెట్టింది?"

"వానొస్తుందని నేనే కప్పాను వదినా."

"వానొస్తే పందిట్లోకి లాగి పరుస్తాం గానీ, పూర్తిగా ఆరని చేపని ఇట్టా కుప్పేస్తారా? ఉడికి పురుగు పట్టదూ?"

"మా మిరపకాయలకి ఇలాగే చేస్తాం. కుప్ప పోసి కప్పితే కాయకి మంచి రంగొస్తుంది."

"నా చేపకి రంగెందుకు తల్లీ? పెళ్లిచూపులకి పంపుతున్నానా?"

ఆ గోలకి చెల్లెలు లేచి వరండాలోకి వచ్చింది. పట్టా చూసింది, పొలుసులంటిన నా చేతులు చూసింది. లోపలికెళ్లింది. బ్యాగు సర్దుతున్న చప్పుడు వినిపించింది.

కనీసం చేపలు మళ్లీ పరుద్దామని వంగితే, బెస్తావిడ నా చేతి మీద ఒక్కటేసింది.

"చెయ్యి తియ్యి వదినా. నా పని నన్ను చేసుకోనీ. ఆ నీడన కూలబడు."

కూలబడ్డాను. ఆవిడ పట్టా తీసి, చేపల్ని గుప్పిళ్లతో వెదజల్లుతూ తిరగేస్తోంది. గలగలమని ఎండిన చప్పుడు. చిన్నప్పుడు మా అమ్మ కల్లంలో కాళ్లతో కాయల్ని తిరగబోస్తుంటే అచ్చం ఇదే చప్పుడు. ఆ చప్పుడు వింటూ నేను గోతాల మీద పడి నిద్రపోయేదాన్ని. అమ్మ మేలుకుని ఉండేది కదా.

"మళ్లీ మబ్బేస్తేనో?" అన్నాను.

"నేను లేనా?" అంది ఆవిడ తలెత్తకుండా.

తర్వాత నాకేమీ తెలీదు. కళ్లు తెరిచేసరికి పొద్దు వాలుతోంది. తల కింద వలల మూట, పక్కన బ్యాగు ఒళ్లో పెట్టుకుని చెల్లెలు. మేం ఎక్కాల్సిన బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది.

"లేపలేదేమే?"

"లేపబోతే ఈవిడ చేపల బుట్టెత్తి కొట్టబోయింది" అంది. "నేను గది తీసుకుంటే, నువ్వు నిద్రపోయింది ఈ కంపులోనా? ముక్కెలా ఊరుకుందే నీకు?"

బెస్తావిడ నవ్వుతూనే నెత్తళ్లు తిరగేస్తోంది. నాకు ఒళ్లింకా బరువుగానే ఉంది. ఇన్నేళ్ల అలుపు ఒక్క నిద్రకి ఎక్కడ పోతుంది? అలవాటు కొద్దీ ముందు ఆకాశం వైపు చూశాను. పడమట చిన్న మబ్బు తునక ఉంది. లేవబోయాను.

చెల్లెలు బ్యాగు పక్కన పెట్టి నా భుజం పట్టుకుని వెనక్కి వంచింది. "నేను చూస్తుంటాలే" అంది.

మళ్లీ పడుకున్నాను.