నది అవతల వేటకు ఓర్లిన్ పడిన తిప్పలు

ఓర్లిన్ జాస్ట్రోకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ చుట్టుపక్కల పాడి రైతులందరికీ తెలుసు. మిసిసిపీ నదికి ఈ ఒడ్డున ముప్పై ఏళ్లుగా పాల ట్యాంకరు నడుపుతున్నాడు. మంచు మీద, గుంతల రోడ్ల మీద, పొద్దెక్కినా పాలు సిద్ధం చెయ్యని బద్ధకస్తుల మీద ఆయన కోపం సరిపోయేది. ఈ ఏడు మాత్రం అదంతా ఒక ఫారం మీదికి మళ్లింది.

కంప్యూటర్లో నింపాల్సిన ఆ ఫారం నది అవతలి రాష్ట్రం వాళ్లది. అక్కడ అక్టోబరులో పిల్లల జింకల వేట అని నాలుగు రోజులు పెడతారు. పదహారు నిండని పిల్లలే వేటాడాలి, పక్కన పెద్దవాళ్లొకరు ఉండాలి. బయటి పిల్లలైతే లాటరీలో పేరు రావాలి. కూతురు బ్రిన్ పేరు రెండేళ్లు రాలేదు, మూడో ఏడు వచ్చింది. నవంబరులో ఆ పిల్లకు పదహారు నిండుతాయి. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు.

ఓర్లిన్ తన మొదటి జింకను కొట్టినప్పుడు తండ్రి తన పక్కనే కూర్చుని, ఊపిరి ఎప్పుడు బిగపట్టాలో చెవిలో చెప్పాడు. తనూ బ్రిన్ పక్కన అలా కూర్చోవాలి. ఇంతకు మించి ఆయనకు పెద్ద కోరికలేమీ లేవు. ఇంటి దగ్గర వేటకు రమ్మంటే ఆ పిల్ల ఏదో ఒక వంక పెట్టేది. ఒకసారి పరీక్ష, ఒకసారి స్కూల్లో బ్యాండు, ఒకసారి ఉత్త చలి. అలాంటిది నది అవతలి వేటకు వెళదామని తనే అడిగింది. ఎందుకో ఓర్లిన్‌కు అంతుపట్టలేదు. గుచ్చి అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని ఊరుకున్నాడు.

ఆగస్టుకల్లా అన్నీ అమర్చేశాడు. అవతల పొలమున్న అన్న హార్లన్ చేత మంచె బాగుచేయించాడు. నారింజ రంగు చొక్కాలు కొన్నాడు. జింకల రోగం పాకుతుందని ఎముకలతో సహా నది దాటించకూడదట, ఉత్త మాంసం తేవడానికి రెండు ఐసు పెట్టెలు తెచ్చాడు. అప్పుడు ఆ ఫారం, పక్కనుండే పెద్దవాళ్ల వేట శిక్షణ పాసైన సర్టిఫికెట్ నంబరు రాయమంది.

ఆయనకు ఆ నంబరే లేదు. ఇక్కడ ఆయన ఈడువాళ్లకు అక్కర్లేదు. శిక్షణ తప్పనిసరి అన్న రూలు, అది రాకముందు పుట్టినవాళ్లకు వర్తించదు. డ్రైవింగ్ లైసెన్సు నంబరు కొట్టాడు. ఒప్పుకోలేదు. ట్యాంకరు పర్మిట్ నంబరు కొట్టాడు. ఈలోగా నింపడానికిచ్చిన నిమిషాలు అయిపోయాయని ఫారం మళ్లీ మొదటికొచ్చింది. ఇంటి చిరునామా ఐదోసారి కొట్టేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేస్తే ముప్పావుగంట సంగీతం వినిపించి, ఎవరో అమ్మాయి పలికింది.

“అమ్మా, నేను ఏడో ఏటి నుంచీ వేటాడుతున్నాను. అప్పటికి మీ అమ్మానాన్నల పెళ్లి కూడా అయ్యుండదు.”

“అయితే మీరు పరీక్ష ఇట్టే పాసైపోతారండీ,” అంది ఆ అమ్మాయి.

భార్య మార్సీ పోస్టాఫీసు నుంచి అప్పుడే వచ్చింది. నాలుగేళ్ల కిందట బ్రిన్‌ను శిక్షణకు చేర్చినప్పుడు, తనూ పక్కన కూర్చుని పాసైంది. తుపాకీ ఏ చివర పట్టుకోవాలో తెలిసిందా అని ఓర్లిన్ ఆ చలికాలమంతా ఆమెను ఏడిపించాడు.

“నా నంబరు ఉందిగా. అది వేసెయ్,” అంది మార్సీ.

“జింక కనిపిస్తే నువ్వు యాపిల్ ముక్కలు పెడతావు. నువ్వెళ్లి ఏం చేస్తావు? ఆ పరీక్షేదో నేనే రాస్తాను.”

శిక్షణ ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో. పద్దెనిమిది మంది పిల్లలు, మధ్యలో ఓర్లిన్. చెప్పేది ఆర్డిత్ గారు. రెండో తరగతిలో ఆయనకు లెక్కలు చెప్పిన ఆవిడే.

“ముందు బెంచీలోకి రారా ఓర్లిన్. అప్పుడూ వెనక కూర్చునే చెడిపోయావు,” అందావిడ.

రాత పరీక్షలో యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. ఓర్లిన్ ఇంటికొచ్చి ఆ కాగితం ఫ్రిజ్‌కు అతికించాడు. శనివారం మైదానంలో తుపాకీ పట్టే పరీక్ష. ఉత్త తుపాకీ, ఉత్తుత్తి తూటాలు. ఒక ముళ్లకంచె దగ్గరికి నడిచి, దాన్ని దాటాలి. అంతే. ముందున్న పిల్లలంతా తూటాలు తీసి, తుపాకీని కంచె కిందనుంచి అవతలికి జరిపి, తర్వాత తాము దాటారు. ఓర్లిన్ వంతొచ్చింది. ఎడమ చేత్తో తీగ నొక్కాడు, కుడిచేత్తో తుపాకీ పట్టుకునే కాలు ఎత్తి అవతల వేశాడు. నలభై ఏళ్లుగా ఆయన కంచె దాటేది అలాగే.

“ఆగరా,” అంది ఆర్డిత్ గారు. “అయిపోయింది. తప్పావు.”

“మళ్లీ దాటుతానండీ. మర్చిపోయాను.”

“మర్చిపోవడం కాదు. నీకు అలవాటే అది. నవంబరులో ఇంకో క్లాసు ఉంది, రా.”

“వేట అక్టోబరులోనండీ.”

“అది నా చేతుల్లో లేదు, బాబూ.”

బతిమాలాడు, వాదించాడు, చివరికి అరిచాడు కూడా. పిల్లలంతా నోరెళ్లబెట్టుకుని చూశారు. ఆవిడ చెక్కుచెదరలేదు. ఆ సాయంత్రం ఫారంలో మార్సీ నంబరు కొడితే నిమిషంలో ఒప్పుకుంది. ఓర్లిన్ రెండు వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

వేట రోజు తల్లీకూతుళ్లు మంచె ఎక్కారు. ఓర్లిన్ అన్నగారి వంటింట్లో కూర్చుని, కాఫీ బాలేదని వదినకే వంకలు పెట్టాడు. ఎనిమిది దాటాక ఒక్కటే పేలుడు వినిపించింది. ఫోన్ మోగింది.

“నాన్నా, పడింది. కత్తి తీసుకుని రా.”

ఆయన పరుగులాంటి నడకతో వెళ్లాడు. కోసిన మొక్కజొన్న చేలో మంచి కొమ్ముల జింక. పక్కన మోకాళ్ల మీద బ్రిన్, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మెచ్చుకోవాలనే వచ్చాడు, కానీ నోట్లోంచి ముందు కడుపుమంటే వచ్చింది.

“ఒక్క అడుగు. ఒక్క అడుగుకి నన్ను నీ పక్కన లేకుండా చేసింది ఆ ముసలావిడ.”

బ్రిన్ కత్తి అందుకుంది. “ఒక్క అడుగు కాదు నాన్నా. నాకు పదేళ్లప్పుడు నీతో వేటకు వచ్చాను. నువ్వు అలాగే కంచె దాటావు. నేను అప్పటికే అవతలున్నాను. తుపాకీ మూతి నావైపు తిరిగింది.”

“నీ వైపు ఎక్కడికి?”

ఆ పిల్ల మెడ కింద, ఎముక దగ్గర వేలు పెట్టింది. “ఇక్కడికి.”

“నాకు చెప్పలేదేం?”

“బాధపడతావని. అమ్మకు చెప్పాను.”

మార్సీ జింక మీద నుంచి చూపు తిప్పలేదు. “అందుకే క్లాసులో నేనూ కూర్చున్నాను. నువ్వు నవ్వులో పడి ఎందుకని అడగలేదు.”

“ఈ పిల్లల వేటలో పెద్దవాళ్లు తుపాకీ పట్టకూడదు,” అంది బ్రిన్. “అందుకే ఇక్కడికి అడిగాను. నువ్వు నా పక్కనుంటావు, నీ చేతిలో ఏమీ ఉండదు అని.”

ఈ రెండు నెలల్లో ఓర్లిన్ ఫారాన్ని, ఆఫీసు పిల్లను, ఆర్డిత్ గారిని తిట్టిన తిట్లలో ఒక్కటి కూడా తనను తాను తిట్టుకోవడానికి పనికిరాలేదు. సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. ఏం చెయ్యమంటావు అని కూతుర్ని అడిగాడు.

“దీని వెనక కాలు పట్టుకో,” అంది బ్రిన్, కత్తి మొన జింక పొట్ట మీద ఆనించి. “కదలకుండా.”

ఆయన చేలో మోకరిల్లి, రెండు చేతులతో పట్టుకున్నాడు.