వెంట్రుకకు అటూ ఇటూ

వెంట్రుక అంటే నాకు అన్నంలో వస్తే కంచం పక్కకు నెట్టేసే వస్తువు. దువ్వినప్పుడు రాలినవి చుట్ట చుట్టి ఒక సంచిలో వేస్తాను. స్టీలు గిన్నెలవాడు గల్లీలోకి వచ్చినప్పుడు ఆ సంచి వాడికిచ్చి ఒక గిన్నె తీసుకుంటాను. అంతకు మించి వెంట్రుక గురించి ఆలోచించే పని నాకెప్పుడూ పడలేదు. అది గోడ మీద ఏం చేస్తుందో చూసిన సంగతి ఇప్పుడు చెబుతాను. నాకు పేరు రాసుకునేంత చదువే వచ్చు. నేను చెబుతుంటే రాస్తున్నది నా కూతురు. మధ్యమధ్యలో సరిదిద్దబోతోంది. వద్దన్నాను.

మాది ఎల్‌బీ నగర్‌లో లోపలి గల్లీ. మా ఆయన పోయాక ఇల్లు నా కుట్టుమిషన్ మీదే నడిచింది. జాకెట్లు కుడతాను. కూతురు ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాలేజీ వాళ్లు లెక్చరర్ ఉద్యోగానికి డెమో క్లాసు చెప్పమని పిలిచారు. డెమో అంటే పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించాలి. వెనక బెంచీలో పెద్దవాళ్లు కూర్చుని చూస్తారు. అంతకుముందు వేరే కాలేజీల్లోనూ చెప్పింది. దానికి చదువు ఉంది, నోరు లేదు. పిల్లల మొహాలు చూడగానే బోర్డు వైపు తిరిగిపోతుంది, గంట కొట్టేదాకా లెక్కలు రాస్తూనే ఉంటుంది. ఎక్కడా తీసుకోలేదు.

“గీసారి గూడ పోతే ఇగ ఫిజిక్స్ బంద్ అమ్మా. చీరల షాపుల కౌంటర్‌కు పోతా,” అంది.

ఆ మాట నవ్వుతూ అనలేదు. పుస్తకాలన్నీ అప్పటికే గోనెసంచిలో కట్టి మంచం కిందకు తోసేసింది.

“ముందుగాల గా పాఠం నాకు చెప్పు,” అన్నాను.

“నీకెట్ల చెప్పాలె? గది క్వాంటం మెకానిక్స్.”

“ఏదైతే నాకేంది. మనింట్ల బోర్డు లేదు, తిరుగుదామన్నా తిరగలేవు. చెప్పు.”

మధ్యాహ్నం పూట తలుపు మూసి, కిటికీకి నల్ల లైనింగ్ గుడ్డ కట్టాం. ఒక పాత పెళ్లిపత్రిక అట్టను మధ్యలో కిటికీలా కోసింది. నా సంచిలోంచి ఒక వెంట్రుక తీసి, ఆ కంతకు నిలువుగా లాగి అతికించింది. లేజర్ అని ఒక చిన్న ఎర్ర లైటు ఉంది దాని దగ్గర. దాన్ని వెంట్రుక మీదకు కొట్టింది.

గోడ మీద ఎర్ర చుక్క పడుతుంది, మధ్యలో సన్నటి నీడ ఉంటుంది అనుకున్నాను. పొయ్యి గట్టు పైన చుక్క అటూ ఇటూ సాగిపోయింది. ఎరుపు, నలుపు, మళ్లీ ఎరుపు, మళ్లీ నలుపు. ఎవరో కూర్చుని ఓపికగా గుచ్చిన పూసల దండలా ఉంది.

“మరి నీడ ఏది?”

“వెలుగు ఎంట్రుకకు రెండు పక్కల నుంచి ఒస్తది అమ్మా. కొన్ని తావుల రెండు కలిసి ఎక్కువైతయి. కొన్ని తావుల ఒకదాన్నొకటి చెరిపేస్తయి. గా నల్లవి గవే.”

“వెలుగు మీద వెలుగు పడితే చీకటైతదా? దీపం పక్కకు దీపం పెడితే ఇల్లు చీకటైందా ఎన్నడన్న?”

“గవి రెండు వేరే వేరే దీపాలు. గిది ఒక్కటే వెలుగు, రెండు దార్ల ఒచ్చింది.”

నేను నమ్మలేదని దానికి తెలిసింది. బ్లేడు తెచ్చి వెంట్రుకకు ఒక పక్కను మెల్లగా మూసింది. గోడ మీద పూసలు కరిగిపోయి ఒకటే మసక గీత మిగిలింది. ఇంతకుముందు నల్లగా ఉన్న చోట ఎరుపు వచ్చింది. వెలుగును సగం ఆపితే చీకటి ఉన్నచోట వెలుగు పుట్టింది. బ్లేడు తీసింది, పూసలు తిరిగొచ్చాయి. మళ్లీ పెట్టమన్నాను, మళ్లీ తీయమన్నాను. చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

“ఇంకో మాట చెప్తా, కూసో,” అంది. “వెలుగు ధార లెక్క కనపడ్తది గని, గోడకు తాకేటప్పుడు గింజలు గింజలుగ తాకుతది. ఫోటాన్లు అంటం. ఒక్కొక్క గింజనే పంపినమనుకో. ఒక్కోటి ఒక్కో తావుల పడ్తది. యాడ పడ్తదో ముందుగాల ఎవ్వరు చెప్పలేరు. గని మస్తు గింజలు పడినంక చూస్తే, గివే చారలు.”

“ఒక్కటే పోయినప్పుడు పక్కన ఇంకోటి లేదు గద. మరి దేంతోని కలిసింది?”

కూతురు నా మొహం చూసి నవ్వింది. “అందరు ఆగేది గాడనే అమ్మా.”

“సరే, ఎంట్రుకకు గీ పక్కకెల్లి పోయిందా, గా పక్కకెల్లి పోయిందా? గదన్న చెప్పు.”

“ఎటు పోయిందో గుర్తు మిగిలేటట్టు చేస్తే, చారలే రావు.”

“ఓయమ్మో, చూస్తే సిగ్గా దానికి? కొత్త కోడలా?”

“సిగ్గు కాదు. ఎవ్వరు చూడకున్నా సరే, గుర్తు మిగిలితే చాలు, చారలు పోతయి. గుర్తు లేదనుకో, ఎటు పోయింది అనే మాటకే జవాబు లేదు. మనకు తెలుస్తలేదని కాదమ్మా. తెలుసుకునేటందుకు ఆడ ఏం లేదు.”

నేను నేల మీద కూర్చుండిపోయాను. తెలియకపోవడం నాకు అలవాటే. డాక్టరుకు తెలుస్తుంది, ఆఫీసులో బాబుకు తెలుస్తుంది, నాకు తెలియదు, అంతే అనుకుంటూ బతికాను. తెలియడానికే అక్కడ ఏమీ లేదనే మాట మాత్రం పుట్టాక అదే వినడం. గుళ్లో గర్భగుడి తలుపు తీసినప్పుడు చేతులు వాటంతటవే కలుస్తాయే, అట్లా కలిశాయి. అప్పుడు ఇంకోటి కూడా గమనించాను. అంతసేపూ నా కూతురు నా మొహంలోకి చూస్తూనే మాట్లాడింది.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజకు మిషన్, కత్తెర, టేపు కడిగి పీట మీద పెడతాను. ఈసారి కూతురి లేజరు, వెంట్రుక అట్ట కూడా పెట్టాను. మా ఆయన పోయినప్పటి నుంచి కుంకుమ నేను ముట్టను. పక్కింట్లో ఉండే గుంటూరామె వచ్చి బొట్లు పెట్టి పోతుంది.

“అమ్మాయి పనిముట్టు ఇదేనా వదినగారూ? ఎక్కడ పెట్టమంటారు? మధ్యలో పెట్టేస్తాను, నిండుగా ఉంటుంది,” అంటూ పసుపు తడిపి ఆ వెంట్రుక మీదే అద్ది, పైన కుంకుమ పెట్టింది.

సెలవులు అయిపోయిన మొదటి రోజే డెమో. పొద్దున పీట మీంచి అట్టను అట్లాగే తీసి, పేపర్లో చుట్టి, నల్లగుడ్డతో పాటు సంచిలో పెట్టాను. మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. క్లాసులో కిటికీలకు గుడ్డ కట్టాలి కాబట్టి నన్నూ లోపలికి రానిచ్చారు. ఒక కిటికీకి మేకు లేదు. గుడ్డ అంచు పైకెత్తి పట్టుకుని నేనే నిలబడ్డాను.

లైట్లు ఆపారు. కూతురు లేజరు కొట్టింది. గోడ మీద చెదిరిపోయిన ఎర్రటి మరక పడింది. పూసలూ లేవు, చారలూ లేవు.

“మేడమ్, గది బస్టాండ్‌ల పాన్ ఉమ్మినట్టున్నది,” అన్నాడొక పిల్లగాడు. క్లాసంతా గొల్లుమంది.

నా కూతురు బోర్డు వైపు తిరిగింది. చాక్‌పీసు తీసుకుంది. మంచం కింద గోనెసంచి నా కళ్లలో మెదిలింది. గుడ్డ వదిలితే ఎండ లోపలికి వస్తుంది, వదలడానికి లేదు. రెండో చేత్తో కొప్పు విప్పి ఒక వెంట్రుక పీకాను.

“బిడ్డా, గిది తీస్కో.”

నా దగ్గరికి వచ్చింది. చీకట్లోనే అట్టను వేలితో తడిమి చూసుకుంది, వాసన చూసింది.

“దీనికి బొట్టు ఎవరు పెట్టిన్రమ్మా?”

“ఆయుధ పూజ గద బిడ్డా. నీ ఆయుధం గిదే గద.”

మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి నా కూతురు కూడా నవ్వింది, గట్టిగా, ఇంట్లో నవ్వినట్టు. పసుపు, కుంకుమ అంటిన పాత వెంట్రుక తీసి కొత్తది అతికించింది. సగం నల్లది, సగం తెల్లది. లేజరు కొట్టగానే ఆ దూరపు గోడ మీద చారలు మా ఇంట్లో కన్నా వెడల్పుగా పరుచుకున్నాయి. పాన్ అన్న పిల్లగాడు బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు.

కూతురు బ్లేడు పెట్టింది, తీసింది. గింజల సంగతి చెప్పింది. ముందు బెంచీలో ఒక అమ్మాయి, “ఒక్కటే పోతే దేంతో కలుస్తుంది మేడమ్?” అంది.

“మా అమ్మ గూడ గిదే అడిగింది,” అని, బోర్డు వైపు చూడకుండా జవాబు చెప్పింది. వెనక బెంచీ పెద్దాయన, “అయితే ఎటు నుంచి వెళ్లినట్టమ్మా?” అన్నాడు.

“ఆ జవాబు ఎక్కడా దాచిపెట్టి లేదు సార్. ఆ జవాబే లేదు.”

గుడ్డ పట్టుకున్న నా చెయ్యి తిమ్మిరెక్కింది. గంట కొట్టారు, ఎవరో లైటు వేశారు, గోడ ఉత్త గోడ అయిపోయింది. నేను మాత్రం చారలు ఉన్నచోటే చూస్తూ, గుడ్డ దించడం మరిచిపోయాను.

కూతుర్ని తీసుకున్నారు. పుస్తకాలు మంచం కింద నుంచి బయటికొచ్చాయి. బొట్టు మహిమే అంటుంది గుంటూరామె, నేను కాదనను. ఆ పాఠం చెప్పే రోజు వచ్చిందంటే, పొద్దున మెట్రోకు ఉరుకుతూ చెప్పులేసుకుని వాకిట్లో నిలబడి పిలుస్తుంది.

“అమ్మా, పాతది తెగింది. జల్ది.”

మిషన్ ఆపి, గడప దగ్గరికి పోయి తల వంచుతాను.