రాళ్లకుప్ప అని రాసిచ్చాను

నిన్న బోధన్‌లో మా స్టాఫ్‌రూంలో ఒక పంతులుగారి ఫోన్ పెద్దగా వాగుతోంది. ఎక్కడో విడవని వానల మహారణ్యంలో, చెట్ల కింద పాత నగరాల ఆనవాళ్లు బయటపడ్డాయట. బాటలు, కాలువలు, మట్టిదిబ్బలు. "పై లోకం నుంచి వచ్చినోళ్లు కట్టిన్రట సార్. అడవోళ్లకు గంత తెలివి యాడిది?" అని ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు కొత్త కాదు.

ఇరవై ఏళ్ల కిందట సిరికొండ దగ్గరి ఊళ్లో ఉద్యోగంలో చేరినప్పుడు కమ్మరి రాజవ్వ ఇంట్లో అద్దెకుండేవాణ్ని. భర్త పోయాక కొలిమి తానే నడిపేది. ఒక ఆదివారం నన్ను అడవిలోకి తీసుకుపోయి, టేకుచెట్ల మధ్య ఇంటెత్తు నల్లటి దిబ్బ చూపించింది. రాయిని కరిగించి ఇనుము తీశాక మిగిలే చిట్టెం అది. అందులోంచి కాలిన మట్టిపెళ్ల ఒకటి తీసింది. పాత కొలిమి గోడ ముక్క. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో అదిమిన వేళ్ల అచ్చులు దానిమీద ఉన్నాయి. వాటిలో తన వేళ్లు ఆనించింది. సరిగ్గా పట్టాయి.

"ఎన్ని తరాల కిందటిదో నాకెర్క లేదు సారూ. గని గివి మనిషి చేతులు. మా అసొంటోళ్ల చేతులు."

మరుసటి వేసవిలో రోడ్డు పని మొదలైంది. దిబ్బను తవ్వి రోడ్డు కింద పరుస్తామన్నారు. రాజవ్వ అడ్డంగా కూర్చుంది. వచ్చిన అధికారి దిబ్బ దగ్గరికైనా పోలేదు. "అడవిల రాళ్లు గాక ఇంకేముంటయమ్మా?" అని నవ్వి, చదువుకున్నవాణ్నని నా ముందు కాగితం పెట్టాడు. పాతకాలపు ఆనవాళ్లేవీ లేవు, ఉత్త రాళ్లకుప్ప అని అందులో ఉంది. బదిలీ కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న రోజులవి. సంతకం పెట్టాను.

నాలుగు రోజుల్లో దిబ్బ ఖాళీ అయింది. రాజవ్వ ఏడవలేదు. నా గది గుమ్మంలో నిలబడి, "ఆయనకు ఎర్క లేక అన్నడు. నీకు ఎర్కే గద సారూ. నువ్వెట్ల రాసిస్తివి?" అంది. బతికినన్నాళ్లూ ఆమె మళ్లీ నాతో మాట్లాడలేదు.

అడవిలో గొప్ప పనివాళ్లుంటే ఆధారం ఏదని అడిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆధారాన్ని టిప్పర్లకెత్తి, మీద తారు పోసి, ఆ తర్వాత అడుగుతారు! వాళ్లను తిట్టడానికి నోరు తెరిస్తే ముందు నా పేరే వస్తుంది. రాజవ్వ పోయినప్పటి నుంచి ఏటా ఆ అధికారి ఆఫీసుకు ఒక ఉత్తరం రాస్తున్నాను. జవాబు రాదు. మొదటి వాక్యం మాత్రం ఎప్పుడూ మార్చలేదు: "నేను రాసిచ్చింది అబద్ధం."