గ్రీజు వేళ్ల పాఠకుడు

ఆ లైబ్రరీలో ఆదివారం పొద్దున ఒక చెక్క స్టూలుకి ఉన్న గౌరవం కుర్చీలకు ఉండదు. కొత్తగా వచ్చిన నవల ఎవరికైనా నచ్చితే వాళ్లు ఆ స్టూలెక్కి కూర్చుని మిగతా పాఠకులకు దాని గురించి చెప్పాలి. కథ సగం వరకే చెప్పాలి. చివర ఏమైందో నోరు జారారో, జనం మీదపడి కరిచినంత పని చేస్తారు. ఆ తర్వాత రెండో పాఠకుడు లేస్తాడు. రెండో పాఠకుడంటే అదే పుస్తకాన్ని ముందుగా తీసుకెళ్లి చదివి వచ్చిన ఇంకో మనిషి. ఒక్కరి మోజు మీద పుస్తకం కొనకూడదని పెట్టుకున్న కట్టుబాటు అది. అతని మాట కూడా విన్నాక చేతులెత్తమంటారు. సగానికి మించి చేతులు లేస్తే లైబ్రరీ ఆ పుస్తకం కొంటుంది. లేవకపోతే తెచ్చినవాళ్లు దాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి పోతారు.

అక్కడ జనం చెవులు రిక్కించి వినేది లిఫ్టు మాట్లాడినప్పుడే. లిఫ్టు అంటే మనిషే. పాత భవనాల్లో లిఫ్టులు బాగుచేసే కుర్రాడు. వాడి చదువు పదో తరగతిలోనే అటకెక్కింది. ఆ తర్వాత చదివిందంతా భవనాల నెత్తిమీదుండే మోటారు గదుల్లో, బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చుని, కింద నుంచి ఫోను మోగేలోపు చదివిందే. నీళ్లలో మునిగిన నగరాలు, నీడలను అద్దెకిచ్చే దుకాణాలు, రేపటి మాటల్ని ఇవాళే వినిపించే యంత్రాలు ఉండే ఊహల నవలలంటే పడిచచ్చేవాడు. వాడు స్టూలెక్కి చెబితే ఆ నీళ్లు జనం కాళ్లకి తగిలినట్టే ఉండేది. చేతులు టపటపా లేచేవి.

ముందు వరుసలో ట్యూషన్ మాస్టారు కూర్చునేవాడు. ఒకసారి వాడి మాటలు విని, "నువ్వు బాగా చదువుకోవాల్సినవాడివోయ్" అన్నాడు. ఆ ఒక్క ముక్కనీ వాడు ఏళ్ల తరబడి చప్పరిస్తూ బతికాడు. ఆయన తలూపితే తను చదువుకున్నవాడి కింద లెక్క. ఊపకపోతే మళ్లీ గ్రీజు వేళ్లవాడే. ఆ మాస్టారికి ప్రేమ నవలలంటే ఒళ్లుమంట. "కన్నీళ్ల సరుకు" అనేవాడు. దాంతో లిఫ్టు కూడా అదే మాట అనడం నేర్చుకున్నాడు, వాటిలో ఒక్కటీ తెరిచి చూడకుండానే.

వెనక వరుసలో గుండీలమ్మ కూర్చునేది. మార్కెట్ భవనంలో గుండీలు, దారాలు, జిప్పులు అమ్మే మనిషి. యాభై దాటాయి. అందరూ చెప్పింది వినడమే తప్ప ఆవిడ స్టూలెక్కింది ఎన్నడూ లేదు.

ఒకరోజు లిఫ్టు ఆ భవనానికి పనిమీద వెళితే దుకాణంలోంచి పిలిచింది.

"అబ్బాయ్, ఇలా రా."

"ఏంటక్కా, మళ్లీ ఆగిందా?"

"లిఫ్టుతో కాదు, నీతోనే పని." కౌంటరు కింద నుంచి ఒక కొత్త పుస్తకం తీసింది. 'తూనికల మనిషి' అని ఉంది అట్ట మీద. "మొన్ననే వచ్చింది. ఇది పట్టుకుని స్టూలెక్కుదామని ఉంది నాకు. రెండో పాఠకుడిగా నువ్వుంటావా? నీ మాటంటే వింటారు."

"ప్రేమ కథా?" అన్నాడు, చచ్చిన ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు దాన్ని ఎత్తి చూస్తూ.

"ప్రేమే. చదివి చూడు. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు. నేనేం ఏడవను."

మొహమాటానికి తీసుకున్నాడు. మోటారు గదిలో నూనె డబ్బా మీద కూర్చుని, నాలుగు పేజీలు తిప్పి పడేద్దామని మొదలుపెట్టాడు.

దుకాణాల్లో త్రాసులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి ఏడాదికోసారి ఆ ఊరొచ్చే తనిఖీదారు ఒకడు. రొట్టెలమ్మే ఆడమనిషి ఒకావిడ. త్రాసు సరిగ్గా ఉంటే అతను ముద్ర వేసి వెళ్లిపోతాడు, తప్పుంటే మర్నాడు మళ్లీ రావాలి. అందుకని ఆవిడ ప్రతి ఏడూ అతను వచ్చేముందు తన తూకంరాయి అడుగున కాస్త మైనం అంటిస్తుంది. రాయి బరువెక్కుతుంది, కొన్నవాళ్లకు రొట్టె ఎక్కువే పోతుంది, నష్టం ఆవిడకే. అతనికి సంగతి తెలుసు. తెలిసీ ఏమీ అనడు. మర్నాడు మళ్లీ వస్తాడు. ఒక ఏడు అతని బదులు ఇంకొకడు వచ్చి, మైనాన్ని బజారు మధ్యలో అందరికీ చూపించి, ఆవిడ మీద దొంగ తూకం ముద్ర వేస్తాడు. ఎందుకు చేశావంటే ఆవిడ నోరు విప్పదు. విప్పాల్సింది, ఆవిడను చూడటానికి ఊరికే వచ్చిన ఆ పాత తనిఖీదారు. అతను గుంపు వెనకే నిలబడి ఉంటాడు.

ఆ పేజీ మీంచి లిఫ్టు వేలు కదల్లేదు. కింద నుంచి ఫోను మోగుతున్నా ఎత్తలేదు.

ఇంటికెళితే తోడబుట్టిన అక్క తలుపు తీసి నిలేసింది. "ఏరా, కళ్లేంటి అలా ఉన్నాయి?"

"గ్రీజు పడింది."

"రెండు కళ్లల్లోనా? ఎంత న్యాయంగా పంచుకు పడిందిరా!"

మర్నాడు మళ్లీ మొదటినుంచీ చదివాడు. ఇంత మంచి పుస్తకం తన ఊహల నవలల జట్టుది కాకపోవడం మీద వాడికి కోపమే వచ్చింది. తిరిగిచ్చేటప్పుడు గుండీలమ్మ "ఎలా ఉంది?" అంటే, "ఆదివారం చెప్తాగా" అని దాటేశాడు.

ఆదివారం వచ్చింది. ఆవిడ స్టూలెక్కి, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, బెదురు బెదురుగానే అయినా బాగా చెప్పింది. మైనం సంగతి దగ్గర ఇద్దరు ముగ్గురు ముందుకు వంగారు కూడా. అప్పుడు లిఫ్టు లేవాలి. లేవబోతుంటే మాస్టారు పక్కకు తిరిగి, "ఏమోయ్, నువ్వు కూడా కన్నీళ్ల సరుకులోకి దిగావా?" అన్నాడు. పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు.

అంతే. వాడి చెవులు వేడెక్కిపోయాయి. ఆవిడ చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. రొట్టెలావిడ తనలో తాను అనుకునే మాటొకటుంది: "నా త్రాసు సరిగ్గా ఉంటే నువ్వు రావుగా." మోటారు గదిలో వాడి గుండె పట్టేసిన మాట అదే. దాన్ని సాగదీసి, ముక్కు ఎగబీల్చి, చెంగు నోట్లో కుక్కుకున్నట్టు అభినయించి, "రావుగా... ఆ... ఆ..." అని చదివాడు. హాలంతా గొల్లుమంది. మాస్టారు తొడ చరిచాడు. "అదిరా లిఫ్టూ!" అని ఎవరో అరిచారు. ఆ జోరులో ఇంకో పేరా కూడా చదివాడు.

చేతులెత్తమంటే ఒక్కటీ లేవలేదు.

గుండీలమ్మ పుస్తకాన్ని సంచిలో పెట్టుకుంది. జిప్పు లాగితే సగంలో ఇరుక్కుంది. రోజంతా జిప్పులతోనే బతికే మనిషి దాన్ని ముందుకీ వెనక్కీ లాగుతూ అలాగే నిలబడిపోయింది. నవ్వులు ఆగిపోయినా ఆ జిప్పు పడలేదు. చివరికి సంచిని గుండెకి అదిమిపట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆదివారాలు ఆవిడ రాలేదు. లిఫ్టు మాత్రం స్టూలెక్కుతూనే ఉన్నాడు. చేతులూ లేస్తూనే ఉన్నాయి. కానీ కింద కూర్చున్నవాళ్లు నవ్వినప్పుడల్లా వాడికి ఆ జిప్పే కళ్ల ముందు ఆడేది. మార్కెట్ భవనంలో పని పడితే దుకాణం కనబడకుండా వెనక మెట్ల మీదుగా ఎక్కేవాడు. తన కంపెనీ బాగుచేసే లిఫ్టుండగా మెట్లెక్కి రొప్పుతుంటే అందరూ వింతగా చూసేవాళ్లు.

ఒక మధ్యాహ్నం ఆ భవనం నుంచే ఫోనొచ్చింది. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది, లోపల మనిషి ఉంది. వాడూ వాడి పై మేస్త్రీ పరిగెత్తారు. మోటారు గది తాళంచెవి భోజనానికి వెళ్లిన వాచ్‌మన్ దగ్గరుంది. పైకెళ్లి బ్రేకు విడిపించి చక్రం చేత్తో తిప్పితే గానీ పెట్టె కదలదు.

"నేను వాచ్‌మన్‌ని పట్టుకొస్తా. నువ్వు తలుపు దగ్గరే ఉండు. లోపలి మనిషితో మాట్లాడుతూనే ఉండు, నోరు ఆపావో భయపడి తలుపు పీకుతారు, కాలో చెయ్యో పోతుంది" అని మేస్త్రీ కిందికి దిగాడు. ఆ పనిలో మొదట నేర్పేది అదే, మర కంటే ముందు మాట.

వాడు తలుపు సందులో నోరు పెట్టి, "ఎవరండీ లోపల? కంగారు పడకండి" అన్నాడు.

"నేనే అబ్బాయ్."

గొంతు గుర్తుపట్టి వాడు కొయ్యబారిపోయాడు.

"దీపం కూడా పోయింది" అంది గుండీలమ్మ. మామూలుగానే అందామని చూసింది గానీ గొంతు వణికింది. "గాలి ఆడుతోందా లేదా ఇందులో?"

"ఆడుతుందక్కా, పైన సందులున్నాయి. తలుపు మాత్రం ముట్టుకోకండి."

"అయితే ఏదో ఒకటి మాట్లాడు. ఈ చీకట్లో నా ఊపిరి నాకే వినబడుతోంది."

మునిగిన నగరాలు, నీడల దుకాణాలు ఏవీ నోటికి రాలేదు. వచ్చింది ఒక్కటే. "ఒక ఊళ్లో రొట్టెలమ్మే ఆవిడ ఉండేదక్కా" అని మొదలుపెట్టాడు.

వాడు చెప్పుకుంటూ పోయాడు. మైనం గురించి, మర్నాడు మళ్లీ వచ్చే మనిషి గురించి, వాళ్లిద్దరూ ఎప్పుడూ త్రాసు గురించి తప్ప ఇంకేదీ మాట్లాడుకోకపోవడం గురించి. స్టూలు మీద ఎన్నడూ చెప్పనంత నెమ్మదిగా, చెక్కతలుపుకి నుదురు ఆనించి చెప్పాడు. దారినపోయేవాళ్లు ఆగి చూస్తున్నా పట్టించుకోలేదు. బజారు మధ్యలో ఆవిడను నిలబెట్టిన చోటికి వచ్చేసరికి ఆగిపోయాడు.

"తర్వాత?" అంది లోపలి గొంతు. ఇప్పుడు వణుకు లేదు.

"అతను గుంపు వెనకే ఉన్నాడు."

"ఉండి?"

"ఏమీ అనలేదు. నేను అంతకంటే అన్యాయమక్కా. అతను నవ్వనైనా నవ్వలేదు" అన్నాడు.

"నువ్వు చదివావని నాకు తెలుసులే" అంది. "పుస్తకం తెచ్చిచ్చినప్పుడే చూశా. చివరి పేజీ దాకా నీ వేళ్ల గ్రీజే. ఆ బజారు పేజీ అయితే బొగ్గు పూసినట్టుంది. నచ్చక నవ్వావంటే ఊరుకునేదాన్నిరా. నచ్చీ నవ్వావు చూడు, అదే మింగుడుపడలేదు."

వాడు తలుపు మీంచి నుదురు తీయలేకపోయాడు.

"ఈ ఆదివారం నేనే వెళ్లి మీ తరఫున చెప్తానక్కా. అందరి చేతులూ ఎత్తిస్తా."

"వద్దు" అంది వెంటనే. "నీ వాగ్ధాటికి లేచే చేతులు నాకొద్దు. నేనే వస్తా, నేనే స్టూలెక్కుతా. రెండో పాఠకుడివి నువ్వే. పొగడొద్దు, వాదించొద్దు. చదివినప్పుడు నీకేమైందో అది చెప్పు, చాలు. చెప్పగలవా?"

పైన చక్రం కిర్రుమంది. పెట్టె మెల్లగా కదిలి అంతస్తుకి సమంగా వచ్చింది. తలుపు తెరుచుకుంటే గుండీలమ్మ బయటికొచ్చి, వాడి నుదుటి మీద అంటిన తలుపు రంగు చూసి, "మొహం కడుక్కో" అని వెళ్లిపోయింది. జవాబు కోసం ఆగలేదు.

ఆదివారం ఆవిడ స్టూలెక్కేసరికి హాల్లో గుసగుసలు బయల్దేరాయి. ఆవిడ మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి బెదురు లేదు, కానీ వింటున్నవాళ్ల పెదవులు ముందే నవ్వుకి సిద్ధంగా ఉన్నాయి. మైనం దగ్గరికి రాగానే మాస్టారు వెనక్కి తిరిగి, "ఏమోయ్, ఆ గొంతు పెట్టు మళ్లీ. ఏదీ, 'రావుగా' అనేది!" అన్నాడు. అందరూ వాడివైపు తిరిగారు.

లిఫ్టు లేచాడు. రాత్రంతా కూర్చి పెట్టుకున్న మాటలున్నాయి, అందమైనవే. ఒక్కటీ బయటికి రాలేదు. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"నేనిది రెండుసార్లు చదివాను మాస్టారూ" అన్నాడు. "రెండుసార్లూ ఏడ్చాను. ఆ రోజు మీరు నవ్వుతారని భయమేసి, మీకంటే ముందు నేనే నవ్వాను."

వెనక నుంచి ఎవరో, "లిఫ్టులో నీళ్లు కారుతున్నాయిరోయ్!" అన్నారు. అంతే, హాలు విరగబడి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. ఆయన మొహం తిప్పుకున్నాడు, అది నవ్వు కంటే ఎక్కువ తగిలింది. ఏళ్లుగా చప్పరించిన ఆ ఒక్క ముక్క నోట్లోంచి జారిపోయినట్టయింది వాడికి. నిలబడే ఉన్నాడు. మెడ దాకా ఎర్రబడింది. స్టూలు మీద గుండీలమ్మ ఆ నవ్వు అయ్యేదాకా ఓపిగ్గా ఆగి, తర్వాత కథ చెప్పాల్సినంతవరకూ చెప్పి ముగించింది.

చేతులెత్తమంటే వాడిది మొదట లేచింది. తర్వాత అక్కడొకటి, ఇక్కడొకటి. ముందుకు వంగి విన్నవాళ్లవి. సగానికి చాలా తక్కువ.

"కొనడానికి కుదరదమ్మా" అన్నాడు లైబ్రేరియన్, నొచ్చుకుంటూ.

"కొనొద్దులెండి. నాది ఇచ్చేసి పోతా" అని గుండీలమ్మ సంచిలోంచి పుస్తకం తీసిచ్చింది.

ఆయన పేజీలు తిప్పాడు. "నిండా మరకలున్నాయే?"

"ఉండనివ్వండి."

ఆయన దాన్ని కొత్త పుస్తకాల అర మీద నిలబెట్టాడు. ఆ మరకలు ఎవరివో ఇప్పుడు హాల్లో అందరికీ తెలుసు. లిఫ్టు ఇంటికెళ్లలేదు. అర దగ్గరికి వెళ్లి, పక్క పుస్తకాలు వెతుకుతున్నట్టు నటిస్తూ తచ్చాడాడు. దాన్ని ఎవరైనా తీసుకుంటే బాగుండుననీ ఉంది, ఎవరూ తెరవకపోతే బాగుండుననీ ఉంది. ముందుకు వంగి విన్నవాళ్లలో ఒకామె వచ్చి పుస్తకం తీసి, బజారు పేజీ దగ్గర ఆగి, ఆ నల్లటి వేలిముద్ర మీద తన వేలు పెట్టి చూసింది. వాడు చేతులు రెండూ జేబుల్లో కుక్కుకున్నాడు. ఆమె చదవడం మొదలుపెట్టేదాకా అక్కడే నిలబడ్డాడు.